పన్నెండు కొబ్బరి చిప్పలు

మా వెనక వాటాలో ఆరేళ్ళు అద్దెకున్న ఆమె అంటే నాకు ఎప్పుడూ పడేది కాదు. ఇప్పటికీ పడదు. ఈ ముక్క ముందే రాసిపెడుతున్నాను. ఇదంతా చదివాక ముసలాయన చివరికి మెత్తబడ్డాడని ఎవరైనా అనుకుంటే నాకు ఇంకా చిరాకు.

ఆమె రవికలు కుట్టేది. భర్త బస్సు కండక్టరు. తెల్లవారి పోతే దీపాలు పెట్టాక వచ్చేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు ఆమె తీర్చేది. మిషను తొక్కుతూనే సందులో పోయేవాళ్ళందరినీ కిటికీలోంచి పలకరించేది. చేతి కొలతలు, మెడ కొలతలు, ఎవరి ఒళ్ళు ఎంత పెరిగింది, అన్నీ గట్టిగానే. నేను వరండాలో పేపరు తెరిచేసరికి మిషను చప్పుడూ ఆమె నవ్వూ కలిసి గోడ దాటి వచ్చేవి.

నేను చిత్తూరులో సర్వే ఆఫీసులో ముప్పై మూడేళ్ళు పనిచేశాను. గొలుసు పట్టి ఇంకొకరి పొలాలు కొలవడమే జీవితం. రిటైరయ్యాక తిరుపతిలో, కొండ కనిపించే ఒక కాలనీలో చిన్న ఇల్లు కట్టుకున్నాను. సొంత నేల అనేది నాకు అదే మొదలు. గృహప్రవేశం అయిన వారంలోపే పాకాల దగ్గర ఒక నర్సరీ నుంచి నిమ్మ అంటు తెచ్చాను. బస్సులో నిలబడే చోటు లేకపోయినా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పెరట్లో బట్టలుతికే బండ వేయించి, అక్కడి నుంచి నిమ్మపాదు దాకా సిమెంటు కాలువ తీయించాను. వాలు నేనే చూసుకున్నాను. మేస్త్రీ చేత రెండుసార్లు పగలగొట్టించి మళ్ళీ కట్టించాను. ఒక చెంబు నీళ్ళు బండ మీద పోస్తే ఎక్కడా ఆగకుండా పాదులోకి చేరాలి. చేరేవి.

మా వైపు వాడిన నీళ్ళను వీధిలోకి వదిలేసేవాళ్ళు తక్కువ. స్నానాల నీళ్ళు అరటికి, అంట్లు కడిగిన నీళ్ళు చేమకు, బట్టల నీళ్ళు నిమ్మకో కరివేపాకుకో పోతాయి. మా అమ్మ అట్లా చేసింది, ఆమె అత్త అట్లా చేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

చెట్టు బాగానే పెరిగింది. నాలుగో ఏడు కాపు మొదలైంది. ఎన్ని కాయలు దించామో, ఏ కాయ ఎంత లావో డైరీలో రాసేవాణ్ణి. సర్వీసులో చేరిన రోజు మొదలుపెట్టిన అలవాటు అది. రోజుకు ఒక పేజీ, సాయంత్రం కాఫీ తాగాక. అందులో వాన, ఎండ, బోరులో నీటి మట్టం, వచ్చినవాళ్ళు, పోయినవాళ్ళు ఉంటారు. ఊహలు ఉండవు.

తర్వాత వరసగా వానలు లేని ఏళ్ళు వచ్చాయి. మా బోరు గంటకు రెండు బిందెలు ఇచ్చే స్థితికి దిగింది. వారానికి రెండుసార్లు వీధి చివర ట్యాంకరు ఆగితే అందరం బిందెలతో నిలబడేవాళ్ళం. చెట్టుకు మంచి నీళ్ళు పోయడం మానేశాం. దానికి దక్కేవి కాలువ నీళ్ళు మాత్రమే. అదే ఏడు నా భార్యకు మణికట్టు నొప్పులు ముదిరి, బట్టలుతికే యంత్రం కొన్నాం. దాని గొట్టం తెచ్చి బండ పక్కన పెట్టాను. యంత్రానికి వేరే పొడి వాడాలన్నారు. దాని నురగ తక్కువ, వాసన బాగుంటుంది. నీళ్ళు తేటగా వచ్చేవి. ఇంత శుభ్రమైన నీళ్ళు చెట్టుకు పోతున్నాయని నేను సంతోషించాను కూడా.

నాలుగు నెలల్లో నిమ్మాకుల కొనలు మాడడం మొదలైంది. తర్వాత అంచులు మాడాయి. పూత వచ్చింది కానీ పిందె నిలవలేదు. పొద్దున్నే వెళ్ళి చూస్తే పాదు నిండా ఆకులు రాలి ఉండేవి. ఒకరోజు రాలినవి లెక్కపెడితే నూట పదహారు.

కారణం నా కళ్ళ ముందే ఉందనుకున్నాను. రవిక కుట్టే ముందు లోపలి లైనింగ్ గుడ్డ నానబెట్టి ఆరేయాలి, లేకపోతే మొదటి ఉతుకుకే గుంజుకుపోతుంది. చీరల ఫాల్స్ కూడా అంతే. ఆమె రోజూ మధ్యాహ్నం రెండు టబ్బుల్లో గుడ్డలు నానబెట్టి ఆ నీళ్ళు బండ మీద కుమ్మరించేది. కాలువలో ఒకరోజు ఎర్రగా, ఒకరోజు ముదురాకుపచ్చగా, ఒకరోజు నల్లగా పారేవి. ఆపైన సబ్బు బిళ్ళతో బట్టలు బాదితే నీలం నురగ మోకాలెత్తు లేచేది. అది చూశాక ఇంకేం సాక్ష్యం కావాలి?

"ఆ రంగునీళ్ళు చెట్టుకు పోయొద్దమ్మా" అన్నాను.

"కాలవ మీరే కట్టించినారు గదా సార్. నీళ్ళు మీ మాట వింటాయా, నా మాట వింటాయా?" అంది.

"నువ్వు టబ్బు ఎత్తి వీధి మోరీలో పోసి రావచ్చు."

"రెండు టబ్బులు మోసుకుంటా సందంతా తిరిగేదానికి నాకు నడుము ఒకటే ఉండాది. మీకు అంత ముద్దొస్తే మీరు మొయ్యండి."

నా వయసు మనిషితో మాట్లాడే పద్ధతేనా అది? ఆ వారం ట్యాంకరు దగ్గర, వీధి ఆడవాళ్ళందరూ వరసలో ఉండగా నేను నోరు విప్పాను. ఈమె పెరట్లో రంగులూ సబ్బులూ కుమ్మరించి పదేళ్ళ చెట్టును చంపుతోందని, అద్దెకిచ్చిన పాపానికి నా నేలకు విషం పెట్టిందని, రేపు ఆ రంగు మీ రవికల్లోంచి మీ ఒంటికీ ఎక్కుతుందని అన్నాను. చివరి మాటకు ఆధారం లేదు. ఆ ఊపులో వచ్చింది. ఆమె బిందె చంకన పెట్టుకుని నిలబడి ఉంది. అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది.

సాయంత్రం నేనే వెనక వాటాకు వెళ్ళి, నెలాఖరుకు ఖాళీ చేయమన్నాను. భర్త లేచి నిలబడి గోడ వైపు చూశాడు. ఆమె మిషను ఆపింది.

"సార్, ఆరేళ్ళుగా ఈ వీధిలో ఒక్కొక్క గడపా పట్టుకున్నా. వీళ్ళ కొలతలు నాకు నోటికొచ్చు. ఇల్లు మారితే ఎవురూ రవిక గుడ్డ సంకన పెట్టుకోని రెండు మైళ్ళు రారు. మల్లా మొదటికాణ్ణుంచి మొదలుపెట్టాల. ఆయన జీతం మీద బతికేది కాదు మా సంసారం."

"చెట్టు చస్తోంది."

"నా నీళ్ళకే చస్తా ఉందని తేల్చండి. తేలితే నోరెత్తకుండా పోతా. తేలకపోతే ఉంటా. మీరు కొలతల మనిషే గదా, కొలిచి చెప్పండి."

సరే అన్నాను. మాట ఇచ్చాను. ఆ సంగతి ఆరోజు పేజీలో ఉంది.

నా పద్ధతి ఇది. ఇంట్లో దాచిన కొబ్బరి చిప్పలు పన్నెండు తీసుకుని ఒక్కో దానికి అడుగున కన్ను పొడిచాను. కొండ కింద నుంచి తెచ్చిన ఎర్రమట్టి జల్లించి, ఒకే డబ్బాతో కొలిచి అన్నిటిలోనూ నింపాను. చిప్పకు నాలుగు అలసంద గింజలు. మూడు చిప్పలకు బోరు నీళ్ళు. మూడింటికి ఆమె లైనింగ్ నానబెట్టిన నీళ్ళు. మూడింటికి ఆమె సబ్బు నీళ్ళు. మిగిలిన మూడింటికి మా యంత్రం నీళ్ళు. నాలుగో వరస నాకు అవసరమని కాదు, అది లేకపోతే లెక్క నిండదని పెట్టాను. మందు సీసాతో వచ్చే చిన్న గిన్నెతో రోజుకు రెండు గిన్నెలు, పొద్దున ఏడింటికి. చిప్పల మీద పెయింటుతో అంకెలు వేసి, వరండా మెట్ల పక్కన ఎండ సమానంగా పడేచోట పేర్చాను.

ఆమె బండ దగ్గర ఉతుకుతుంటే నేను సీసా పట్టుకుని నిలబడవలసి వచ్చేది.

"ఏం సార్, నా ఉతుకుడు నీళ్ళు సీసాలో పట్టుకుంటా ఉండారు? తీర్థమా?"

"నీకెందుకు? పోయి."

"రోంత ఎక్కువే పట్టుకోండి. రేపు ఆదివారం, నేను ఉతకను."

ఆదివారం కోసం ముందురోజే పట్టి పెట్టుకోవాలని నాకు తోచలేదు. ఆమె చెప్పినందుకు కోపం వచ్చింది. పట్టుకున్నాను.

నాలుగోరోజుకు అన్ని చిప్పల్లోనూ మొలకలు లేచాయి. ఆమె రోజూ వచ్చి వంగి చూసేది, ఎవరో పసిబిడ్డను చూడవచ్చినట్టు. "మావాడు నిక్కినాడు సార్, చూసినారా" అని తన చిప్పల్ని చూపించేది. నేను స్కేలు పెట్టి కొలిచి రాసుకునేవాణ్ణి. ఆరోరోజుకు రంగునీళ్ళ మొలకలు బోరు నీళ్ళ వాటితో సమానంగా ఉన్నాయి. ఒక చిప్పలో కాస్త ఎక్కువే. సబ్బు నీళ్ళవి అర అంగుళం వెనకబడ్డాయి, ఆకు కొంచెం చిన్నది. యంత్రం నీళ్ళవి మొదట్లో బాగానే లేచి, తర్వాత ఆగాయి.

తొమ్మిదోరోజు పొద్దున చూసేసరికి యంత్రం నీళ్ళ మొలకలు మూడు చిప్పల్లోనూ వాలిపోయి ఉన్నాయి. ఆకుల అంచులు ఇటుక రంగుకు మాడాయి. నా నిమ్మాకులు ఎట్లా మాడాయో అచ్చం అట్లాగే. మట్టి పైన తెల్లగా, పలచగా ఒక పొర. వేలితో గీకితే రాలింది. నాలుక మీద పెట్టుకుంటే కారం కాని కారం.

ఆ పొర ఏమిటో నాకు వేరే ఎవరూ చెప్పనవసరం లేదు. చౌడు. ముప్పై మూడేళ్ళు ఎన్ని ఊళ్ళలో, ఎంతమంది రైతుల ముందు నిలబడి కాగితం మీద చౌడు అని రాశానో నాకే తెలియదు. పైరు ఎక్కని నేల, ఎండాకాలంలో సున్నం చల్లినట్టు పొంగే నేల. నా చిన్నతనంలో మా ఊరి చాకలివాళ్ళు చెరువు కట్ట కింద ఆ మట్టినే చేటలతో ఎత్తుకుపోయి బట్టలకు వాడేవాళ్ళు. మురికి పోగొట్టే గుణమూ పైరును చంపే గుణమూ ఒకటేనని పొలం గట్టు మీద పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ఆ చౌడునే వాసన కలిపి, పూల బొమ్మ వేసిన పొట్లంలో అమ్మితే నేను గుర్తుపట్టలేకపోయాను. వానా లేదు, మంచి నీళ్ళు పోసిందీ లేదు. వేసిన చౌడు వేసినట్టే వేళ్ళ దగ్గర కూర్చుంది. దాన్ని అక్కడికి మోసింది నేను కట్టించిన వాలు.

అప్పుడు నేను చేసిన పని ఇది. అటూ ఇటూ చూసి, ఆ మూడు చిప్పలూ తీసి, గోడ అవతల ఖాళీ స్థలంలో ఉన్న ముళ్ళ కంపలోకి విసిరేశాను.

ఎందుకు విసిరానంటే, ఆమె ముందు ఓడిపోవడం ఇష్టం లేక. ఇంకో కారణం ఉందేమోనని చాలా రోజులు వెతికాను. లేదు.

ఎనిమిదింటికి ఆమె వచ్చింది. నేను సబ్బు నీళ్ళ చిప్పలూ బోరు నీళ్ళ చిప్పలూ పక్కపక్కన పెట్టి, స్కేలు చేతిలో పట్టుకుని, "చూడు, నీ సబ్బుకు అర అంగుళం తగ్గింది. తేలిపోయింది" అన్నాను.

ఆమె చిప్పల్ని లెక్కపెట్టింది.

"ఆ మూడూ యాడ సార్?"

"ఉడత తోసేసింది."

"ఉడత." ఆమె మెట్ల మీద కూర్చుంది. "తొమ్మిది చిప్పలు వదిలేసి, మీ నీళ్ళు పోసిన మూడే కనపడినాయా దానికి? అంకెలు చదివే ఉడతా?"

"ఏదైనా నీ సబ్బు వల్ల తగ్గిందా లేదా? అది చెప్పు."

"తగ్గింది సార్. అర అంగుళం తగ్గింది." లేచి చీర దులుపుకుంది. "నిన్న సాయంత్రమే చూసినాను ఆ మూడిటినీ. అప్పుటికే తల వాల్చేసినాయి. పొద్దున మీరు ఏం చెప్తారో విందామనే వచ్చినా."

నెలాఖరు దాకా కూడా ఉండలేదు. మూడోరోజున ఒక తోపుడు బండి మీద మిషను, రెండు టబ్బులు, మంచం పెట్టుకుని పోయారు. భర్త నాకు దండం పెట్టాడు. ఆమె పెట్టలేదు. ఆ తొమ్మిదోరోజు పేజీలో నేను రాసింది: "ఉడత మూడు చిప్పలు పడవేసినది. సబ్బు నీళ్ళ వల్ల ఎదుగుదల తగ్గినది." నలభై ఏళ్ళ డైరీల్లో తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే. రెండో వాక్యం అబద్ధం కాదు గనక మరీ సిగ్గుచేటు.

నిజం తెలిసినవాణ్ణి గనక చెట్టును ఊరికే వదల్లేకపోయాను. ఆమె పోయిన మరుసటి వారమే యంత్రం గొట్టాన్ని బండ దగ్గర నుంచి తీసి వీధి మోరీలోకి పెట్టాను. నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

"రంగునీళ్ళామె పోయింది గదా. ఇప్పుడు మన నీళ్ళు ఎందుకు మళ్ళిస్తా ఉండారు?"

"ఊరికే."

"ఉడత చెప్పిందా?"

నేను వంగి గొట్టానికి తీగ బిగించాను.

"ఆమె కొత్తింటికి నేను పొయ్యొచ్చినా" అంది. "మేడ మీద గది. ఎండకు రేకు కాగి పెనం మాదిరుండాది. మిషను మీద గుడ్డ కప్పి ఉండాది, తియ్యను కూడా తియ్యలేదు. ఈ వీధివాళ్ళు ఒక్కరూ పోలేదంట. రంగు ఒంటికి ఎక్కుతుందని మీరే గదా చెప్పింది. పోయి ఆమెకు నిజం చెప్పి రండి. అంతదాకా మీ బట్టలు ఆ యంత్రంలో వెయ్యను."

నేను వెళ్ళలేదు. మూడు వారాలు నా పంచెలు, చొక్కాలు నేనే బండ మీద ఉతుక్కున్నాను, సబ్బు బిళ్ళతో. చొక్కా మెడ దగ్గర మురికి పోదు. నడుము పట్టేసింది. ఆ నీళ్ళు కూడా చెట్టుకు పోకుండా రెండు బకెట్లు ఎత్తి మోరీ దాకా మోస్తే ఆమె ఏమందో గుర్తొచ్చి ఇంకా మండేది. నాలుగో వారం, మంగళవారం, గొడుగు తీసుకుని బయలుదేరాను. పశ్చాత్తాపం అని పెద్ద మాట వాడను. నడుము నొప్పి ఒకటి. ఆ పేజీ ఒకటి, ప్రతిరోజూ డైరీ తెరిచినప్పుడల్లా వేలికి తగిలేది.

మేడ మెట్లు నిటారుగా ఉన్నాయి. ఆమె మిషను ముందు కూర్చుని పాత దుప్పటికి అంచు కుడుతోంది. నన్ను చూసి తొక్కడం ఆపలేదు.

"చెట్టు చచ్చేది నీ నీళ్ళ వల్ల కాదు. మా పొడి వల్ల" అన్నాను. "ఆ చిప్పలు నేనే పారేశాను."

"తెలుసు సార్."

"తెలుసని నాకూ తెలుసు. చెప్పాలని వచ్చాను."

"నాకు చెప్పి ఏం లాభం? నాకు తెలిసిందే నాకు చెప్పేదానికి ఇన్ని మెట్లు ఎక్కినారా?"

"వాటా ఖాళీగానే ఉంది. కావాలంటే తిరిగి రావచ్చు."

"అబ్బా, ఎంత దయ." దారం పళ్ళతో తెంపింది. "మీ కాలవ మీ దగ్గరే పెట్టుకోండి. ట్యాంకరు కాడ నిలబడి అన్నారే, ఆడికి పోయి ఇదే మాట అనండి. ఆ ఆడోళ్ళు మల్లా నా దగ్గరికి వస్తే నేను యాడున్నా బతుకుతా. రాకపోతే మీ వాటాలో ఉండీ ఏం చేసేది?"

అది న్యాయమే. న్యాయం ఆమె నోటి నుంచి వినడం నాకు నచ్చలేదు. గురువారం ట్యాంకరు వచ్చింది. బిందె కింద పెట్టి, గొంతు సవరించుకుని, చెట్టును చంపుతున్నది మా ఇంటి పొడి అనీ, ఆమె నీళ్ళలో దోషం లేదనీ, ఒంటికి రంగు ఎక్కుతుందన్నది నేను కల్పించిందనీ చెప్పాను.

"ఒక నిమ్మచెట్టుకు ఇంత పురాణమా సార్" అని ఒకామె నవ్వింది.

"మాకు అప్పుడే తెలుసులెండి" అంది ఇంకొకామె. "మీతో ఎవురు పెట్టుకుంటారని ఊరుకున్నాము."

"అయితే ఆమె దగ్గరికి ఎందుకు పోలేదు?" అన్నాను.

"మీరు అన్నారనే పోలేదు."

రెండు మాటలూ ఒకే నోటితో. నాకు ఒళ్ళు మండింది. కానీ అక్కడ మండే హక్కు నాకు లేదు. బిందె నింపుకుని ఇంట్లో పెట్టి, అదే పొద్దు మళ్ళీ ఆ మెట్లు ఎక్కాను.

"చెప్పేశాను" అన్నాను.

ఈసారి మిషను ఆపింది. "ఎంతమంది ఉండారు?"

"ఆరుగురు."

"నన్ను అన్న పొద్దు పదకొండు మంది ఉండారు సార్. ఒక్కొక్క ముఖమూ చూసి పెట్టుకున్నా." పదకొండు మందినీ చెప్పింది, మూల ఇంటామె, పాల డిపో ఎదురింటామె, అట్లా. ఈరోజు ఎవరెవరు ఉన్నారో నన్ను అడిగి వేళ్ళు మడిచింది. "ఇంగ ఐదు మంది ఉండారు. పొయ్యి రండి."

చెప్పేది అయిపోయినట్టు మిషను తొక్కడం మొదలుపెట్టింది. నేను మెట్ల మీదే గోడకు కాగితం ఆనించి ఆ ఐదు ఇళ్ళూ రాసుకున్నాను. ఇంత మిడిసిపాటు మనిషిని నా సర్వీసులో చూడలేదు.

ఎండ నెత్తి మీద ఉండగా వీధికి వచ్చి మొదటి తలుపు తట్టాను. నాలుగు ఇళ్ళలో గడప బయటే నిలబడి అదే మాట అదే వరసలో చెప్పాను. ఒకామె తలుపు సగమే తెరిచి విన్నది. ఒకామె మజ్జిగ ఇచ్చింది. ఇద్దరు ఆమె కొత్త ఇల్లు ఎక్కడని అడిగారు. మెట్లు ఎన్నో కూడా చెప్పాను. ఐదో ఇంటికి తాళం ఉంది. కాణిపాకం పోయారని, రేపు వస్తారని పక్కింటివాళ్ళు అన్నారు. మర్నాడు పొద్దున ఏడింటికే వెళ్ళి తట్టాను.